వాట్లు చూసి కొనకు మామా

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. ఇన్నాళ్లకి గిటార్‌కి ట్యూబ్ యాంప్, అదే గాజు వాల్వులతో గిటార్ మోతను పెంచే పెట్టె, కొంటానంటున్నావు, చదివినప్పటి నుంచీ నాకే హుషారుగా ఉంది. మీ అన్నయ్య వచ్చే నెల అమెరికా నుంచి వస్తూ ఒకటి తెస్తాడని, కనీసం ఇరవై వాట్లైనా ఉండాలి కదా అని రాశావు. ముందు ఆ వాట్ల సంగతి తేల్చుకుందాం.

నా దగ్గరున్నది 5 వాట్లది. వాల్యూమ్ సగానికి తిప్పి గిటార్ మీద నాలుగు తీగలు కలిపి ఒక్క కార్డ్ కొడితే హాల్లో అద్దాల బీరువా తలుపు గలగలమంటుంది. మొన్న కింద ఫ్లాట్ పిన్నిగారు పైకొచ్చి "బాబూ, పాప ఇప్పుడే పడుకుంది" అన్నారు. అప్పటికి సగం దాకా కూడా తిప్పలేదు. మన చెవికి మోత రెట్టింపు అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలిరా. అంటే 50 వాట్ల యాంప్, 5 వాట్ల దానికంటే రెండింతలు మాత్రమే గట్టిగా వినిపిస్తుంది. ఇక స్పీకర్ సెన్సిటివిటీ, అంటే అవే వాట్లకి అది ఎంత గట్టిగా పలుకుతుందన్నది, 3 డెసిబెల్స్ ఎక్కువ ఉంటే వాట్లు రెట్టింపు చేసినట్టే. అందుకే నేను వాట్ల కంటే ముందు స్పీకర్ చూస్తాను. ఎనిమిది అంగుళాలదైతే సౌండ్ డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది, పన్నెండు అంగుళాలదైతే అవే వాట్లకి ఛాతీకి తగులుతుంది. చిన్న స్పీకర్ ఉన్నదే దొరికితే, వెనక బయటి స్పీకర్ పెట్టుకునే జాక్ ఉందో లేదో అడుగు.

ట్యూబ్ యాంప్ మజా అంతా దాన్ని కష్టపెట్టడంలో ఉంది. స్పీకర్‌ని నడిపే పవర్ వాల్వుని ఇక నావల్ల కాదు అనే దాకా తోస్తే, నోట్ అంచులు కొంచెం చిరిగి, ఆ వెంటనే మెత్తగా నిలబడుతుంది. అప్పుడు గిటార్ మీద వాల్యూమ్ చిటికెన వేలితో కాస్త తగ్గించు. అదే యాంప్, సౌండ్ మార్చే ఏ పెడలూ కాలితో తొక్కకుండానే, గంటలా శుభ్రంగా పలుకుతుంది. మళ్లీ పెంచితే మళ్లీ గరుకు. ఇరవై వాట్లది కొంటే నీ ఫ్లాట్‌లో ఆ చోటు దాకా ఏనాటికీ తిప్పలేవు. చిన్నది కొనమని నేను పట్టుబట్టేది ఇందుకే. అయితే డ్రమ్స్ పక్కన గరుకు లేని క్లీన్ టోన్ కావాలంటే మాత్రం 5 వాట్లు చాలవు, పదిహేనైనా ఉండాలి. ఇంట్లో వాయించుకోవడానికే అన్నావు కాబట్టి ఆ గొడవ నీకు లేదు.

1950లలో లియో ఫెండర్ కాలిఫోర్నియాలో చేసిన ఛాంప్ గురించి నీకు చెప్పానా? నేర్చుకునే పిల్లల కోసం చేసిన యాంప్ అది. లోపల మూడే వాల్వులు: గిటార్ సిగ్నల్‌ని ముందు పెంచే 12ఏఎక్స్7, పవర్ వాల్వు 6వీ6, ఏసీ కరెంటుని డీసీగా మార్చే 5వై3. ఎనిమిది అంగుళాల స్పీకర్. తిప్పడానికి ఉన్నది ఒకే ఒక్క నాబ్, వాల్యూమ్. సుమారు 5 వాట్లు. ఇప్పటికీ చాలా చిన్న యాంప్‌ల లోపల దాని వంశమే ఉంటుంది. వాక్స్ కంపెనీ చిన్న యాంప్ ఏసీ4ది ఇంకో దారి, అందులో పవర్ వాల్వు ఈఎల్84. మా తాతయ్య గారి వాల్వు రేడియో గుర్తుందా, స్విచ్ వేసి వేడెక్కే దాకా అందరం దాని ముందు కూర్చునేవాళ్లం? ఆ కాలపు రేడియోల్లో ఈఎల్84 మామూలే. బెంగళూరులో బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్లు మన దగ్గరే వాల్వులు తయారుచేసేవారు. ఈ రోజుకీ నా యాంప్ స్విచ్ వేసి, వెనక జాలీలోంచి ఆ నారింజ వెలుగు మెల్లగా రాజుకుంటుంటే, వేడెక్కిన దుమ్ము వాసనతో సహా ఆ గదిలోకే వెళ్లిపోతాను.

ఫ్లాట్‌లో ఉన్నావు కాబట్టి వాట్లు తగ్గించే స్విచ్ ఉన్నది చూడు. బుగేరా వీ5 అనే యాంప్‌కి 5, 1, 0.1 వాట్లని మూడు మెట్లుంటాయి. మార్షల్ డీఎస్ఎల్1 ఒక వాట్, దాన్నీ పదో వంతుకి దించొచ్చు. మరీ కింది మెట్టులో సౌండ్ పల్చబడుతుంది, ఎందుకంటే స్పీకర్ కదలాల్సినంత కదలదు. నా ఓటు ఒక వాట్ మెట్టుకే.

ఇప్పుడు అసలు టెన్షన్ పెట్టే విషయం. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మనకి 230. అక్కడి యాంప్ ఇక్కడ నేరుగా ప్లగ్‌లో పెడితే ట్రాన్స్‌ఫార్మరే పోవచ్చు. యాంప్ వెనక ప్లేటు మీద ఎన్ని వోల్టులని రాసుందో మీ అన్నయ్యని ఫొటో పంపమను. 120 ఒక్కటే ఉంటే మన 230ని 120కి దించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ ఆ ప్లేటు మీది వాట్ల కంటే బాగా పెద్దది. మన కరెంటు 50 హెర్ట్జ్, వాళ్లది 60, కాబట్టి ఆ యాంప్ ఇక్కడ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. నిజం చెప్పనా, ఇక్కడే 230 వోల్టులది సెకండ్ హ్యాండ్ చూసుకోవడం మేలు.

అలా నేను కొన్నప్పుడు అమ్మినాయన వాల్వులన్నీ కొత్తవే అన్నాడు. ఇంటికి తెచ్చి వాయిస్తే జీ నోట్ దగ్గరల్లా వెనక సన్నగా గంట మోగుతోంది. పెన్సిల్ రబ్బరు కొనతో ఒక్కో వాల్వు మీద మెల్లగా తట్టాను. రెండోదాని దగ్గర స్పీకర్లోంచి టింగుమని వచ్చింది. అదొక్కటీ మార్చాక పోయింది. నువ్వు కొనే ముందే తట్టి చూడు. వెనక చెక్క మాత్రం విప్పకు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలవ ఉంటాయి, ప్రాణం మీదకొస్తుంది. స్పీకర్ తగిలించకుండా ఆన్ చేయకు, ఎర్త్ పిన్ విరగ్గొట్టకు.

ఏది చూసినా కొనే ముందు నాకు ఫొటో పంపు. దసరాకి నేనే వైజాగ్ వస్తున్నాను, గిటార్ కూడా తెస్తాను. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ మామ