సంక్రాంతికి ఇంటికి ఒక్క సీసానే

మా నేరేడు వెనిగర్ ఏటా తీసుకునే అన్నలకు, అక్కలకు నమస్కారం. సంక్రాంతికి ఇంటికి రెండు సీసాలు ఇస్తామని జులైలో అడ్వాన్సు తీసుకున్నాం. ఇప్పుడు ఒక్కటే ఇవ్వగలం. నాలుగు డ్రమ్ముల్లో రెండు సిద్ధం. మిగతా రెండూ పాడు కాలేదు గాని, ఇంకా మాగలేదు.

కారణం బెల్లం. నేరేడు రసంలో గుజ్జు కడిగిన నీళ్లు కలిశాక తీపి 8 బ్రిక్స్ (అంటే 100 గ్రాముల రసంలో 8 గ్రాముల చక్కెర) దాటదు. ఆ కాస్త తీపితో పులియబెడితే వచ్చే ఆల్కహాల్ 4 శాతం, దాన్నుంచి వచ్చే పులుపూ ఇంచుమించు అంతే. అంత పలచటి వెనిగర్ నెలల తరబడి మాగడానికి ఆగదు. అందుకే 100 లీటర్లకు 10 కిలోల బెల్లం వేసి 15 బ్రిక్స్‌కు తెస్తాం. మాకు కావాల్సింది నల్లబెల్లం. (అనంతపురంలో నల్లబెల్లం, ఈస్ట్ రెండూ ఒకే నోటితో అడిగి చూడండి, సారా కాసేవాళ్లను చూసినట్టు చూస్తారు.)

మొదటి రెండు డ్రమ్ములకు సరైన సరుకే వచ్చింది. తర్వాతి రెండింటికి అదే వ్యాపారి, అదే ధరకు, ‘అదే సరుకప్పా’ అని పంపిన దిమ్మలు మాత్రం పసుపు. పగలగొడితే లోపలి దాకా ఒకే పసుపు. చెరకు రసం కాగేటప్పుడు హైడ్రోస్ (బెల్లం రంగు తేలడానికి వేసే సోడియం హైడ్రోసల్ఫైట్) ఎక్కువ పడితే వచ్చే రంగు అది. హైడ్రోస్ వల్ల బెల్లంలో మిగిలిపోయే సల్ఫర్ డయాక్సైడ్ ఈస్ట్‌ను మందగింపజేస్తుంది, వెనిగర్ చేసే బ్యాక్టీరియానైతే ఇంకా గట్టిగా అణుస్తుంది. గోరువెచ్చని నీళ్లలో ఓ ముక్క కరిగించి వాసన చూసి ఉంటే, ఆర్పిన అగ్గిపుల్ల వాసన అప్పుడే పట్టుబడేది. చూడలేదు. నేరేడు కోసిన రెండో రోజుకే కారిపోతుంది, పండు వాకిట్లో ఉంది గదా అని తొందరపడ్డాం. ఆ తప్పు మాది. సరుకు మార్చి కూడా ఒక్క ఫోన్ చేయకపోవడం మాత్రం ఆయనది. అడిగితే ‘తినే వాళ్లెవరూ ఏమీ అనలేదే’ అన్నాడు. తినడం వేరు సామీ, పులియబెట్టడం వేరు. ఇక ఆ గడప తొక్కం.

రసంలో తీపి ఆల్కహాల్‌గా మారేకొద్దీ హైడ్రోమీటర్ చూపే సాంద్రత అంకె దిగుతుంది. మంచి డ్రమ్ముల్లో అది 1.060 నుంచి 1.000కు పన్నెండు రోజుల్లో దిగింది. పసుపు బెల్లం పడినవి ఇరవయ్యో రోజున కూడా 1.030 దగ్గరే మొరాయించాయి. రసాన్ని ఒక డ్రమ్ములోంచి ఇంకో డ్రమ్ములోకి రెండుసార్లు ఎత్తి పోసి ఆ సల్ఫర్ వాయువును వదిలించి, విడిగా పొంగించిన కొత్త ఈస్ట్ వేస్తే గాని ఐదు వారాలకు ఒడ్డున పడలేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత. పులిసిన రసానికి నాలుగో వంతు నిరుటి వెనిగర్ కలిపి, మూతికి గుడ్డ కట్టి వదిలేస్తే, పది రోజుల్లో పైన పలచటి పొర కట్టాలి. ఇక్కడ మూడు వారాలు పట్టింది. పని నత్తనడకన సాగేసరికి ఆల్కహాల్, పులుపు నెలల తరబడి ఒకే చోట కలిసి ఉండిపోయాయి. అలా ఉంటే రెండూ కలిసి ఈథైల్ అసిటేట్ అవుతుంది. గుడ్డ ఎత్తగానే గోళ్ల రంగు డబ్బా తెరిచిన వాసన.

పులుపు కొలిచాం. 10 మిల్లీలీటర్ల వెనిగర్‌లో 100 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, 1 నార్మల్ (లీటరుకు 40 గ్రాముల) కాస్టిక్ సోడా ద్రావణాన్ని చుక్క చుక్కగా వదలాలి. పులుపు విరిగిన చోటు చూపడానికి వేసే ఫినాఫ్తలీన్ చుక్క గులాబీ రంగు నేరేడు రంగులో సరిగా కనపడదు. ఎరుపు పోయి బూడిద, ఆ తర్వాత ఆకుపచ్చ ఛాయ తిరిగే చోట ఆగాలి. ఖర్చయిన మిల్లీలీటర్లను 0.6తో గుణిస్తే శాతం. మంచి డ్రమ్ములకు 9.5 పట్టింది, అంటే 5.7 శాతం. ఈ రెండింటికి 7, అంటే 4.2.

పులుపు విషయంలో చట్టం అడిగేది కనీసం 3.75 శాతమే. ఆ లెక్క వరకు అమ్మొచ్చు. నాలుగూ కలిపేస్తే పులుపు దాదాపు 5 వస్తుంది, వాసన సగానికి సగం తగ్గుతుంది, అందరికీ రెండేసి సీసాలు, అడ్వాన్సు తిరిగిచ్చే పని లేదు. ‘కలిపేయ్, ఎవరికీ తెలీదు’ అన్నవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. వారం రోజులు గ్లాసుల్లో కలిపి చూశాం: సగం సగం, మూడుకు ఒకటి, తొమ్మిదికి ఒకటి. తొమ్మిదికి ఒకటి దగ్గర నిజంగానే తెలీదు. కాని ఆ లెక్కన పెద్దగా కలిసొచ్చేదీ లేదు. పైగా ఆ డ్రమ్ముల్లో ఆల్కహాల్ ఇంకా 2 శాతం పైనే ఉంది. సీసాలో పోసి మూత బిగిస్తే గాలి ఆడదు, అది పులుపుగా మారదు, వాసన మీ వంటింట్లోనే ఉండిపోతుంది. ఇంతకంటే సింథటిక్ ఆమ్లం కొని రంగేసి ఇవ్వడం సులువు, అది బజార్లో మాకంటే చవగ్గా దొరుకుతుంది కూడా. కలపలేదు.

ఆ రెండింటికీ పొర కదలకుండా గాలి ఆడనిస్తున్నాం, ఎండలు ముదిరితే తడి గోనెలు చుడతాం. వారంలో పులుపు 0.1 శాతం కూడా పెరగని రోజున వడగట్టి, అంచుదాకా నింపి మూసేస్తాం. అప్పటికి అర శాతం ఆల్కహాల్ మిగలాలి. అదీ అయిపోతే ఆ బ్యాక్టీరియానే పులుపును తినేస్తుంది. మూశాక కనీసం నాలుగు నెలలు: వగరు మడ్డిగా దిగాలి, ఘాటు మెత్తబడాలి. ఉగాదికని కొందరు అడుగుతున్నారు. కాదు. తేదీ చెప్పం.

రెండో సీసా డబ్బు వాపసు కావాలన్నవాళ్లకు సీసా ఇచ్చే రోజే ఇస్తాం. ఉంచేవాళ్ల పేర్లు పుస్తకంలో ఉన్నాయి, ధర పెంచం. షుగర్‌కు మంచిదని మేం ఎన్నడూ అమ్మలేదు, ఆ మాట మీద కొనేవాళ్లు మాత్రలు మానొద్దు. సీసా అడుగున మడ్డి, పైన పలచటి పొర కనపడితే పాడైందని పారబోయకండి, గుడ్డలో వడగట్టుకుంటే చాలు. గోళ్ల రంగు వాసన వస్తే మాత్రం సీసా వెనక్కి తెచ్చేయండి.