డయాలసిస్ గదిలో 'ఆగండి' అనే అధికారం నర్సుకివ్వండి

సంపాదకులు గారికి,

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఎప్పుడు చర్చ వచ్చినా పడకలెన్ని, మిషన్లెన్ని అన్న లెక్క దగ్గరే ఆగిపోతోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి వచ్చింది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు రోగులకు అది పెద్ద ఊరట. అయితే మిషన్ మీద పడుకున్న ఆ నాలుగు గంటలూ మనిషి ఎంత భద్రంగా ఉన్నాడన్నది మిషన్ల లెక్కలో తేలదు. నాణ్యత అనగానే ఏ ఆస్పత్రిలోనైనా ముందు గుర్తొచ్చేది తనిఖీ బృందమే. జాతీయ ఆస్పత్రి నాణ్యతా ప్రమాణాల (ఎన్‌క్వాస్) సర్టిఫికెట్‌కు 70 శాతం మార్కులు కావాలి కాబట్టి బృందం వచ్చే ముందు పది రోజులూ రిజిస్టర్లన్నీ నిండుతాయి. బృందం వెళ్లాక పని మళ్లీ పాత దారిలోనే నడుస్తుంది.

మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి దించిన గొట్టం, అంటే కాథెటర్‌తో డయాలసిస్ చేయించుకునే వాళ్లకు అసలు ముప్పు ఆ గొట్టం మూతి దగ్గరే ఉంది. అక్కడ చేరిన క్రిమి నేరుగా గుండె దగ్గరి రక్తంలోకి పోతుంది. మూత తీసే ముందు నర్సు, రోగి ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి. గొట్టాన్ని మూసే క్లాంపు పడి ఉందో లేదో చూసుకోవాలి. మూత తీశాక మూతి అంచును, మరలను స్పిరిట్ ప్యాడ్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనివ్వాలి. తడి మీదే లైను బిగిస్తే క్రిమి చావడానికి వ్యవధి ఉండదు. రెండో మూతికి కొత్త ప్యాడ్ తీయాలి. ఒకసారి తీసిన మూతను మళ్లీ పెట్టకూడదు. గొట్టం చర్మంలోకి దిగే చోట ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్ పూసి, అది కూడా ఆరాకే డ్రెస్సింగ్ వేయాలి.

ఇది తెలియని డయాలసిస్ నర్సు ఉండరు. అయినా తప్పుతోందంటే కారణం షిఫ్టు మారే అరగంటలో ఉంది. ఒక బ్యాచ్ దిగుతుంటుంది, ఇంకో బ్యాచ్ ఎక్కుతుంటుంది, ఒక్కో నర్సు చేతిలో నాలుగైదు పడకలు. ప్యాడ్లు గదికి ఆ చివర బీరువాలో, తాళంచెవి ఇంకొకరి దగ్గర. అలాంటప్పుడు 15 సెకన్లు మూడు సెకన్లవుతాయి. దీనికి ఇంకో శిక్షణ తరగతి మందు కాదు. ప్యాడ్లు, కొత్త మూతలు, రెండు మాస్కులు, గ్లౌజులు సర్దిన ట్రే ఒకటి ముందు షిఫ్టువాళ్లే ప్రతి పడక దగ్గరా పెట్టి వెళ్లాలి.

ఆ ట్రేని కూడా ఒక్కసారిగా అన్ని పడకలకూ సర్క్యులర్‌తో రుద్దకూడదు. ఒక నర్సు, ఒక షిఫ్టు, ఒక పడక దగ్గర మొదలుపెట్టాలి. సాయంత్రం ఆమెనే అడగాలి: ఏం అడ్డొచ్చింది? ట్రే పెట్టే చోటు చాల్లేదంటే మర్నాడు చోటు మార్చి చూడాలి. కుదిరాక ఒక వరుసకు, ఆ తర్వాత అన్ని షిఫ్టులకు. వారానికి పది కనెక్షన్లు ఒకరు పక్కన నిలబడి చూసి, ఎన్నింటిలో అన్ని మెట్లూ పాటించారో గోడ మీద రాయాలి. ఆ అంకె సూపరింటెండెంట్ బల్ల మీద కాదు, నర్సుల కళ్లెదుట ఉండాలి.

ఇన్ఫెక్షన్ల లెక్కలో పెద్ద బెజ్జం ఒకటుంది. డయాలసిస్ మధ్యలో వణుకు వస్తే అవిల్, హైడ్రోకార్టిజోన్ లాంటి అలర్జీ మందులిచ్చి సెషన్ పూర్తి చేసేస్తే రికార్డులో అది 'రియాక్షన్' అయిపోతుంది. కాథెటర్ ఉన్న మనిషి వణికితే యాంటీబయాటిక్‌కు ముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమిని పట్టే పరీక్ష) తీయాలి. తీయని చోట ఇన్ఫెక్షన్లు సున్నా అని రాసుకోవచ్చు, ఆ సున్నాకు అర్థం లేదు. లెక్కను వంద రోగి-నెలలకు ఇన్ని అని కట్టాలి. అంటే 20 మంది కాథెటర్ రోగులున్న కేంద్రంలో ఐదు నెలలకు. చిన్న కేంద్రమైతే చివరి ఇన్ఫెక్షన్ వచ్చి ఎన్ని రోజులైందో రాసుకుంటే చాలు.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూలు ఐదు మెట్ల పట్టీతో కాథెటర్ ఇన్ఫెక్షన్లను బాగా తగ్గించాయి. ఫలితాలు 2006లో వెలువడ్డాయి. అందరూ ఆ పట్టీనే చెప్పుకుంటారు. మా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది వేరే ఉంది: డాక్టరు ఒక మెట్టు తప్పితే ఆపే అధికారం అక్కడ నర్సుకిచ్చారు. మన దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసే అమ్మాయి డాక్టరుతోనో సీనియర్ టెక్నీషియన్‌తోనో 'ఆగండి సార్' అనగలదా? అనాలంటే సూపరింటెండెంట్ సంతకంతో రాతపూర్వక ఉత్తర్వు కావాలి. మొదటిసారి అన్నరోజున ఆయన ఆమె పక్షాన నిలబడాలి. వారానికో అరగంట షిఫ్టు మారేవేళ ఆ గదిలోనే ఉండాలి.

నీటి విషయంలో ఇదే అధికారం టెక్నీషియన్‌కు ఉండాలి. ఒక్క సెషన్‌లో రోగి రక్తానికి పొర అవతల 120 లీటర్ల నీరు ప్రవహిస్తుంది. ప్రతి షిఫ్టుకు ముందు క్లోరిన్‌ను పీల్చే కార్బన్ ట్యాంకు తర్వాతి నీటిలో మొత్తం క్లోరిన్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటితే, బయట ఎంతమంది కూర్చున్నా మిషన్లు మొదలుపెట్టకూడదు. ఆ లెక్కలోకే వచ్చే క్లోరమిన్ రక్తంలోని ఎర్రకణాలను పగలగొడుతుంది.

అసలు కాథెటర్ల మీద ఆధారపడటమే తగ్గాలి. వాటికి బదులు చేతిలో ధమనిని సిరతో కలిపే ఫిస్టులా వేశాక సూది గుచ్చే స్థితికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆలస్యంగా వచ్చిన రోగికి ఆ వ్యవధి ఉండదు. ఉన్నా, జీడితోటలో పనిచేసి నీరసపడ్డప్పుడల్లా ఎక్కించిన సెలైన్లతో ఫిస్టులాకు కావాల్సిన ముంజేతి నరాలు పాడై ఉంటాయి. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) పెరిగిందని తేలిన రోజునే రోగి చీటీ మీద ఎర్ర సిరాతో 'ఎడమ చేతికి సూది వద్దు' అని పీహెచ్‌సీలోనే రాసివ్వాలి, ఎడమచేతి వాటమైతే కుడి చేతికి. రక్తం తీయాల్సి వస్తే అరచేతి వెనక నరం వాడాలి. ఊళ్లో సెలైన్ పెట్టే ఆర్‌ఎంపీకి ఆ చీటీ చూపించమని ఆశా కార్యకర్త రోగి ఇంటివాళ్లకు చెప్పాలి.

ఇట్లు,
డయాలసిస్ నర్సింగ్‌లో ఉన్న కొందరం,
శ్రీకాకుళం జిల్లా