క్యాపు వేసిన పంటికి తెలుపు ఎక్కదు

సంపాదకుల వారికి నమస్కారం.

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల మధ్య ఉన్న ఒక డెంటల్ ల్యాబ్‌లో నేను పనిచేస్తున్నాను. డాక్టర్లు తీసి పంపిన కొలతలను బట్టి క్యాపులు, బ్రిడ్జిలు, కట్టుడు పళ్లు తయారుచేయడం మా పని. పేషెంట్లకు మా ముఖాలు తెలియవు గానీ, వాళ్ల పళ్లు మాకు బాగా తెలుసు. పెళ్లి ముహూర్తాలు దగ్గరపడే కొద్దీ మా దగ్గరికి ఒకే రకం కేసులు వస్తుంటాయి. వాటి గురించి మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పళ్లు తెల్లబరుస్తామనే ప్రకటనలు ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. బ్యూటీ పార్లర్ల పెళ్లి ప్యాకేజీల్లో ఫేషియల్, మెహందీ పక్కన 'టీత్ వైట్నింగ్' కూడా చేరిపోయింది. గంటలో ముత్యాల్లాంటి పళ్లు అంటారు. నోట్లో క్యాపు గానీ, ముందు పళ్లకు పెట్టిన సిమెంటు (ఫిల్లింగు) గానీ ఉంటే అవి తెల్లబడవు అన్న ఒక్క ముక్క మాత్రం ఆ ప్రకటనల్లో నాకెక్కడా కనబడలేదు.

పోయిన సీజన్‌లో సత్తెనపల్లి వైపు అమ్మాయి కేసు ఒకటి వచ్చింది. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి ముందు పన్ను విరిగితే, ఇంటర్ చదివే రోజుల్లో రూట్ కెనాల్ చేయించి క్యాపు వేయించారు. అది పక్క పళ్లతో చక్కగా కలిసిపోయింది. పెళ్లి వారం ఉందనగా పార్లర్‌లో వైట్నింగ్ చేయించుకుంది. మిగతా పళ్లన్నీ తెల్లబడి, ఆ ఒక్కటీ పాత రంగులోనే ఉండిపోయింది. అన్నేళ్లూ ఎవరి కంటా పడని పన్ను, ఇప్పుడు నవ్వితే ముందు అదే కనబడుతోంది. "డాక్టరు గారూ, మందు సరిగ్గా పట్టలేదేమో, ఆ ఒక్కదానికీ ఇంకోసారి పెట్టి చూడండి" అని వాళ్లమ్మ గారు బతిమాలారట. ఎన్నిసార్లు పెట్టినా పట్టదు.

వైట్నింగ్ మందులో సాధారణంగా పనిచేసేది హైడ్రోజన్ పెరాక్సైడ్. కార్బమైడ్ పెరాక్సైడ్ అని రాసి ఉన్నా, అది నోట్లో విడిపోయి వదిలేది కూడా దాన్నే. ఆ మందు ఎనామిల్ గుండా లోపలికి దిగి, పంటిలో చేరిన రంగు పదార్థాలను విరగ్గొడుతుంది. క్యాపు రంగు అలా వచ్చింది కాదు. పింగాణీ పొడిని పొరలు పొరలుగా పెట్టి 900 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తాం. క్యాపులకు వాడే మరో గట్టి పదార్థం జిర్కోనియా అయితే దాదాపు 1,500 డిగ్రీలు. ఆ వేడిలో ఖాయమైన రంగును జెల్ కదిలించలేదు. పంటి రంగు సిమెంటు సంగతీ ఇంచుమించు అంతే. పైన పట్టిన టీ మరక పాలిష్ చేస్తే పోతుందేమో గానీ, అసలు రంగు మారదు. పైగా ఎక్కడైనా ఫిల్లింగు అంచు వదిలి సందు పడి ఉంటే, మందు అందులోంచి దిగి జివ్వున లాగుతుంది. అందుకే ముందు డెంటిస్టు నోరు చూడాలి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 0.1 శాతం పెరాక్సైడ్ దాటిన మందును డెంటిస్టు ద్వారానే ఇవ్వాలని, 6 శాతం మించకూడదని, 18 ఏళ్ల లోపు వాళ్లకు వాడకూడదని 2012 నుంచి నియమం అమలులో ఉంది. మన పార్లర్‌లో కుర్చీలో కూర్చున్న పిల్ల, ఆ మందు ఎంత శాతమో అడిగిందా?

సరే, తెల్లబడిన పళ్లకు తగ్గట్టు వెంటనే కొత్త క్యాపు చేయొచ్చు కదా అంటారు. అదీ కుదరదు. రంగు చూడటానికి మా దగ్గర పదహారు రంగుల షేడ్ గైడ్ (పంటి రంగుల నమూనాలు) ఉంటుంది, ఏ1, ఏ2, ఏ3, బీ1 అని నంబర్లతో. లిప్‌స్టిక్ తుడిపించి, ముదురు రంగు చీర కనబడకుండా గుడ్డ కప్పి, కిటికీ వెలుతురులో పంటి పక్కన పెట్టి చూడాలి. పన్ను తడిగా ఉండాలి. కాసేపు తేరిపార చూస్తే కన్ను మోసపోతుంది కాబట్టి, చూసి చూపు తిప్పుకుని మళ్లీ చూడాలి. వైట్నింగ్ అయిన రోజు పన్ను తడారిపోయి ఉంటుంది, ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది. నాలుగు రోజులు పోయాక రంగు కాస్త దిగుతుంది. ఆ రోజే షేడ్ తీసి చేస్తే, తర్వాత క్యాపే సున్నం కొట్టినట్టు తేలిపోతుంది. క్యాపును అతికించే సిమెంటు కూడా వైట్నింగ్ చేసిన వెంటనే పంటికి గట్టిగా అతుక్కోదు. కనీసం రెండు వారాలు ఆగాలి. ఆ అమ్మాయికి డాక్టరు గారు పాత క్యాపు కోసి తీసేసి, పెళ్లికి టెంపరరీ క్యాపు పెట్టి పంపారు. అసలుది పెళ్లయ్యాక చేసిచ్చాం. ముందే అడిగి ఉంటే నెల ముందు వైట్నింగ్, తర్వాత క్యాపు, ఏ టెన్షనూ లేకుండా అయిపోయేది.

కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన వాళ్ల విషయంలో నాకు ఇంకా బాధ. వాళ్లకు ఒక్క పన్ను కట్టాలంటే, పక్క పళ్లతో కలవడానికి క్యాపు మీద కూడా ఆ నీళ్ల వల్ల పళ్లపై పడే గోధుమ చారలు, సున్నపు మచ్చలు సన్నటి బ్రష్‌తో మేమే దిద్ది కాలుస్తాం. వాళ్లు తర్వాతెప్పుడో వైట్నింగ్ చేయించుకుంటే, సొంత పళ్ల మీది గోధుమ మరక పలచబడుతుంది, మేం దిద్దిన చార మాత్రం అలాగే ఉంటుంది. క్యాపు వేసే రోజే "ముందు ముందు పళ్లు తెల్లబరిపించుకునే ఆలోచన ఉందా?" అని డాక్టరు ఒక్కమాట అడిగితే ఎంత బాగుంటుంది!

డాక్టరు గార్లందరికీ నాదొక మనవి. ప్రతి క్యాపుకూ మీరు మాకు పంపే చీటీలో షేడ్ నంబరు, ఏ పదార్థంతో చేయాలో, తేదీ అన్నీ ఉంటాయి. అది మా ఫైల్లో పడి ఉండి, కొన్నాళ్లకు చిత్తుకాగితాల్లోకి పోతుంది. డబ్బు కట్టిన పేషెంటు చేతికి మాత్రం బిల్లు ఒక్కటే వెళ్తుంది. ఏ పంటికి, ఏ పదార్థం, ఏ షేడ్, ఎప్పుడు అనే నాలుగు వివరాలు కార్డు మీద రాసివ్వండి. వారంటీ కార్డు వెనక ఖాళీలో రాసినా చాలు. పదేళ్ల తర్వాత ఆ మనిషి హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నా, అక్కడి డాక్టరుకు అది పనికొస్తుంది.

మీ పత్రికకూ ఒక విన్నపం. వైట్నింగ్ ప్రకటన వేసేటప్పుడు "క్యాపులు, ఫిల్లింగులు తెల్లబడవు, ముందు డెంటిస్టును సంప్రదించండి" అన్న వాక్యం, ధర ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తారో అంత పెద్దగా వేయమని ప్రకటనదారులకు చెప్పండి. వచ్చే ముహూర్తాల లోపు ఆరోగ్యం పేజీలో ఈ విషయం మీద ఒక డెంటిస్టు చేత రాయించండి.

ఇట్లు,
ఒక డెంటల్ ల్యాబ్ టెక్నీషియన్,
గుంటూరు