అరకు బండ్లు ఎందుకు ఆపేశానంటే

అరకు ట్రిప్పులు బుక్ చేసుకున్న మన పాత కస్టమర్లకు నమస్కారం. మా మూడు బండ్లలో రెండు టెంపో ట్రావెలర్లను షెడ్డులో పెట్టేశాను. అడ్వాన్సులు పూర్తిగా తిరిగి పంపుతున్నాను. ఆగుతామన్నవాళ్లను బండి తయారయ్యాక పాత రేటుకే తీసుకెళ్తాను. కారణం హ్యాండ్ బ్రేకు.

రెండింటికీ ఈమధ్యే కొత్త హ్యాండ్ బ్రేకు కేబుళ్లు వేయించాను. ఏళ్లుగా స్పేర్ పార్టులు కొంటున్న షాపులోనే, కంపెనీ డబ్బాలోనే ఇచ్చారు. కొన్నాళ్లకే సాగిపోయాయి. లీవర్ పైదాకా లాగినా వెనక చక్రాలు పట్టడం లేదు. విప్పి పాత కేబుల్ పక్కన పెడితే లోపలి తీగ సన్నగా ఉంది. తీసుకెళ్లి చూపిస్తే, “మీ డ్రైవర్లు హ్యాండ్ బ్రేకు వేసే నడిపి ఉంటారండీ” అన్నాడు షాపాయన. అలా నడిపితే వెనక బ్రేకు లైనింగులు కాలాలి, డ్రమ్ములు మాడు వాసన రావాలి. మా లైనింగులు శుభ్రంగా ఉన్నాయి. డబ్బు పోయినా ఊరుకునేవాణ్నేమో, మా డ్రైవర్ల మీద నెట్టేసరికి మనసు విరిగిపోయింది. ఇక ఆ షాపు గడప తొక్కను.

సీజన్లో బండ్లు ఆపడానికి నిద్రపట్టనంత ఆలోచించాను. ఈఎంఐలు ఆగవు కదా. “ఫుట్ బ్రేకు బాగుంది, గేర్లో పెట్టి టైరు కింద రాయి వెయ్యి” అని తోటి ఓనర్లు చెప్పారు. నాకు మనసొప్పలేదు. ఫుట్ బ్రేకు ఆయిల్ ఒత్తిడితో పట్టేది, కాలు తీస్తే వదిలేస్తుంది. పైపు పగిలి ఆయిల్ కారితే పెడల్ తొక్కినా సరిగా పట్టదు. హ్యాండ్ బ్రేకుకు ఆయిల్‌తో పనిలేదు, తీగే వెనక బ్రేకు షూలను లాగిపెడుతుంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 96వది కూడా ఈ రెండూ దేనికది విడిగా పనిచేయాలనే అంటుంది. అరకు ఘాట్ రోడ్డు మీద గాలికొండ దగ్గర డ్రైవర్ టీకి దిగుతాడు. వెనక సీట్లో పెద్దవాళ్లు కునుకు తీస్తుంటారు, పిల్లలు ముందుకొచ్చి గేరు రాడ్డు కదుపుతారు. న్యూట్రల్లోకి జారితే ఆ బరువును రాయి ఆపుతుందన్న నమ్మకంతో మీ వాళ్లను పంపలేను.

కొత్త కేబుళ్లు ఈసారి కంపెనీ డీలర్ దగ్గరే ఆర్డర్ పెట్టాను. బిగించాక ఫుల్ లోడుతో ఏటవాలు రోడ్డు మీద ఇంజిన్ ఆపి, న్యూట్రల్లో, కాలు తీసి నేనే చూస్తాను. నిలబడితేనే బుకింగులు తీసుకుంటాను. మూడో బండి కేబుల్ గట్టిగా ఉంది, దాని ట్రిప్పులు మారవు. అనుమానం ఉంటే ఎక్కేముందు డ్రైవర్‌తో హ్యాండ్ బ్రేకు వేయించి చూసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.