రేపు శిక్షణ ఇవ్వడానికి వచ్చేవాళ్లకు

అందరికీ నమస్కారం. రేపు చెరకు రసం, నిమ్మసోడా, మజ్జిగ బండ్ల వాళ్లతో కూర్చుని శుభ్రత గురించి మాట్లాడుతున్నాం. ఎక్కువ సమయం ఐసుకే ఇద్దాం. తినడానికి పనికిరాని ఐసులో నీలం రంగు కలపాలని 2018లోనే దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది. తాగేదాంట్లో వేసే ఐసుకు ఏ రంగూ ఉండకూడదు. రంగు లేనంత మాత్రాన మంచిదనీ కాదు, ఏ నీళ్లతో చేశారో ఫ్యాక్టరీలో అడగమని చెప్పండి. గోనె సంచిలో చుట్టి రోడ్డు మీద సుత్తితో కొట్టడం మాత్రం మానాల్సిందే.

గ్లాసుల సంగతి చేసి చూపిద్దాం. పొద్దుట్నుంచీ ఒకే బకెట్‌లో ముంచితే అది కడిగినట్టు కాదు. కుళాయి ఉన్న డబ్బా పెట్టుకుంటే నీళ్లు పైనుంచి పారతాయి. చెరకు మిషన్ రోలర్ల మధ్య ఇరుక్కున్న పిప్పి రాత్రే తీసేయాలి, లేదంటే తెల్లారేసరికి పులిసి ఈగలు ముసురుతాయి. డబ్బులు పట్టుకున్న చేత్తో నిమ్మకాయ పిండటం గురించి కూడా చెప్పండి.

దయచేసి ఎవరినీ తప్పు పట్టినట్టు మాట్లాడొద్దు. మండుటెండలో నిలబడి బతికేవాళ్లు, మంచినీళ్లు దొరకడమే వాళ్లకు కష్టం. ముందు వాళ్ల ఇబ్బంది వినండి. ఫుడ్ రిజిస్ట్రేషన్ (తినేవీ తాగేవీ అమ్మేవాళ్ల ప్రభుత్వ నమోదు) లేనివాళ్ల పేర్లు రాసుకోండి, ఫారం మనమే నింపిద్దాం. సబ్బు, బకెట్లు, కుళాయి డబ్బా ఎవరు తెస్తారో ఈ రాత్రికే ఇక్కడ చెప్పండి.