పొయ్యి కంటే ముందు పొగగొట్టం

కవిటి.

చి. బుజ్జమ్మకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్లో చెబితే "సరే నాన్నా" అనేసి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

అమెరికాలో, ఆ వెర్మాంట్‌లో మీరు కొన్న పాత ఇంటికి, చలికి కట్టెలు మండించే పాత ఇనప స్టవ్ ఒకటి 200 డాలర్లకే వస్తోందని సంబరపడుతున్నావు. ఉద్దానంలో చలికి పొయ్యి పెట్టుకున్నదెవరు, నీకేం తెలుసంటావేమో. చలి సంగతి తెలీదు గానీ పొగ సంగతి బాగా తెలుసు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొట్టినప్పుడు జీడిచెట్లు, కొబ్బరిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కరెంటు లేదు, గ్యాస్ బండ రాలేదు. పెరట్లో పడ్డ జీడికొమ్మలే నరికి మీ అమ్మ పొయ్యిలో పెట్టింది. ఊదుగొట్టంతో ఎంత ఊదినా కర్ర కొసన బుసబుసమని నురగ కారిందే తప్ప మంట లేవలేదు. ఉన్న కాస్త వేడీ కర్రలో నీళ్లు ఆవిరవడానికే సరిపోయింది. డేగిసా అడుగున మసి జిగురులా పట్టేసి, బూడిదతో తోమినా వదల్లేదు.

ఆ జిగురే మీ పొగగొట్టంలోనూ పేరుకుంటుంది. దాన్నే క్రియోసోట్ అంటారట. అది అంటుకుందంటే గొట్టం కొలిమైపోతుంది, ఇల్లు కూడా అంటుకోవచ్చు. కాబట్టి ముందు గొట్టం శుభ్రం చేసేవాణ్ణి పిలిచి చూపించు. దాని లోపల స్టీల్ లైనర్, అంటే ఇంకో ఉక్కు గొట్టం, వేయించాల్సి వస్తే ఆ ఖర్చు పొయ్యి ధరనే మించిపోవచ్చు. 200 చూసి మోసపోకు, బిగింపుతో కలిపి లెక్క అడుగు.

కొత్త స్టవ్ కొనేట్టయితే వెనకాల ఈపీఏ (అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ) రేకు ఉందేమో చూడు. 2020 నుంచి అమ్మే వాటికి గంటకి 2 గ్రాములు, మామూలు కట్టెలతో పరీక్షిస్తే 2.5 గ్రాములు దాటి పొగ నలుసులు రాకూడదని అక్కడి రూలు. అలాంటివి కర్ర తక్కువ తింటాయి. పొగని మళ్లీ మండించే క్యాటలిస్ట్ అనే భాగం ఉన్నది వద్దులే, కొన్నేళ్లకోసారి అది మార్చాలి. పెద్దదీ వద్దు. వేడి ఎక్కువైందని గాలి మూసేస్తారు, మళ్లీ పొగ, మళ్లీ జిగురు.

కర్ర మాత్రం ఏడాది ముందే చీల్చి పేర్చుకోవాలి. మన సరుగుడు కర్రలు పేర్చినట్టే పైన కప్పి, పక్కలు గాలికి వదిలెయ్యండి. తేమ చూసే మీటరు చవకే. అప్పుడే చీల్చిన ముఖం మీద పెట్టి చూస్తే 20 శాతం లోపు ఉండాలి. అమ్మేవాడు ఎండినవే అన్నా నమ్మకు.

పడకగది దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించడం మర్చిపోకు. ఆ విషవాయువుకి వాసనుండదు. అల్లుడుగారికి కూడా చెప్పు.

ఆ స్టవ్ నిప్పుల్లో చిలకడదుంపలు కాల్చుకోవచ్చా అని మీ అమ్మ అడుగుతోంది. రాయి.

ఇట్లు,
నాన్న