సిగరెట్ మానడానికి వేప్ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

సిగరెట్ వదిలి వేప్ (ఇ-సిగరెట్) పట్టుకుందామనుకునే కుర్రాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. ఇ-సిగరెట్ల అమ్మకం 2019 చట్టం ప్రకారం నేరం. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా. దొంగచాటు సరుకులో నికోటిన్ ఎంతుందో డబ్బా మీది అంకెను నమ్మలేం. వేప్‌లో ద్రవం అయిపోయాక కూడా పీలిస్తే లోపల కాయిల్ (వేడెక్కే తీగ) దగ్గరి దూది మాడి, ఆ పొగే గొంతులోకి పోతుంది.

మందుల షాపులో దొరికే నికోటిన్ గమ్ నయం. చాలామంది దాన్ని బబుల్‌గమ్ లాగా నమిలేసి, ఎక్కిళ్లు, కడుపులో మంట అని పారేస్తారు. నికోటిన్ ఎక్కాల్సింది నోటి లోపలి పొర నుంచి, పొట్ట నుంచి కాదు. మిరియం కొరికినట్టు చురుక్కుమనే దాకా మెల్లగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య అదిమి పెట్టాలి. చురుకు తగ్గితే మళ్లీ కాస్త నమిలి, ఈసారి రెండో బుగ్గన పెట్టాలి. ఒక్కో బిళ్ల అరగంట. కాఫీ తాగాక 15 నిమిషాలు ఆగాలి, లేకపోతే సరిగా పట్టదు (మన ఊళ్లో కాఫీ ఆపడమే కష్టం!). లేచిన అరగంటలోపే సిగరెట్ వెలిగించేవాళ్లకు 2 మి.గ్రా. నికోటిన్ బిళ్ల చాలదు. 4 మి.గ్రా. గురించి డాక్టరును అడగాలి.

పొగాకు మానడానికి ఉచిత సలహాకు 1800-112-356. ఈ నంబరును బస్టాండులో, అలిపిరి దగ్గర పెద్దక్షరాలతో రాయించాలని అధికారులను కోరుతున్నాం.

— మందుల షాపు ఫార్మసిస్టులు, తిరుపతి